బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ (1970) గిటార్ సౌండ్ ఇంట్లో ఎలా రాబట్టాలి? ట్యూనింగ్ దించాలా, వద్దా?

రాగతీగ:

అందరికీ నమస్కారం. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట, అదే బ్యాండ్ పేరుతోనే ఉన్న పాట, రికార్డులో వినిపించినట్టు వాయించాలని చూస్తున్నాను. నా దగ్గర ఉన్నవి: రెండు హంబకర్లున్న (జంట చుట్టల పికప్‌లు) గిబ్సన్ ఎస్‌జీ తరహా గిటార్, 10–46 తీగలు (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), 20 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్, ఒక మల్టీ ఎఫెక్ట్స్ పెడల్. ఈ బ్యాండ్ అంటే ట్యూనింగ్ దించాల్సిందే అని వీడియోల్లో చెబుతుంటే సి షార్ప్‌కి దించాను.

మూడు ఇబ్బందులు వస్తున్నాయి. ఒకటి, ట్యాబ్‌లో (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసినది) చెప్పిన ఫ్రెట్ల మీదే వాయించినా రికార్డుతో శ్రుతి కలవట్లేదు, పైగా కింది తీగ వదులుగా కొట్టుకుంటోంది. రెండు, డిస్టార్షన్ పెంచేకొద్దీ బరువు రావాల్సింది పోయి తేనెతుట్టె కదిపినట్టు జుయ్‌మంటోంది. మూడు, సాగదీసి పట్టుకున్న స్వరం మధ్యలో కత్తిరించినట్టు ఆగిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరా? వీలైతే పెడల్ కొనకుండా కట్టుకునే దారి కూడా చెప్పండి.

బెజవాడ_బ్లూస్:

మొదటి ఇబ్బందికి జవాబు ఒక్క ముక్కలో: ట్యూనింగ్ మామూలు ‘ఈ’ (E) లోకి తెచ్చెయ్యండి. ఈ ఆల్బమ్ మామూలు ట్యూనింగ్‌లోనే ఉంది. అదే 1970లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ కూడా అంతే. బ్యాండ్ గిటారిస్టు టోనీ ఐయోమీ తీగల్ని మూడు అర స్వరాలు దించింది 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో. అక్కడ కూడా అన్ని పాటల్లోనూ కాదు. ‘చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్’, ‘లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్’, ‘ఇన్‌టు ది వాయిడ్’ ఈ మూడూ ఆ పద్ధతికి పేరుపడ్డ పాటలు. వీడియోలవాళ్ళు మూడో ఆల్బమ్ సంగతి తెచ్చి మొదటిదానికి అంటగడుతున్నారు. మీరు సి షార్ప్‌లో పెట్టి మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చేది ‘జి’ కాదు, ‘ఈ’ (E). శ్రుతి కలవకపోవడం సహజమే.

ఇక రిఫ్ సంగతి. ఉన్నవి మూడే స్వరాలు: కింది జి, దాని పై స్థాయి జి, తర్వాత సి షార్ప్. గట్టిగా వచ్చే భాగంలో ఆరో తీగ మూడో ఫ్రెట్, ఐదో తీగ ఐదో ఫ్రెట్, నాలుగో తీగ ఐదో ఫ్రెట్ కలిపి జి పవర్ కార్డ్ (ఆధార స్వరం, దాని పంచమం, పై స్థాయి కలిపి ఒకేసారి). తర్వాత నాలుగో తీగ ఐదో ఫ్రెట్ ఒక్కటే. ఆ తర్వాత ఐదో తీగ నాలుగో ఫ్రెట్. అక్కడ ఆగి, నాలుగు ఐదు ఫ్రెట్ల మధ్య ట్రిల్ (రెండు స్వరాల్ని వేగంగా మార్చి మార్చి పలికించడం).

మన సంగీతం తెలిసినవాళ్ళు దీన్ని ఇంకా తేలిగ్గా పట్టుకోవచ్చు. జి ని ఆధార షడ్జమం అనుకోండి. అప్పుడు రిఫ్ అంటే స, పై స, ప్రతి మధ్యమం. ట్రిల్‌లో తగిలే రెండో స్వరం పంచమం. కల్యాణిలో రోజూ పాడుకునే ప్రతి మధ్యమమే ఇది, కానీ ఇక్కడ వింటే వెన్ను జలదరిస్తుంది. ఎందుకంటే పవర్ కార్డ్‌లో పంచమం అప్పుడే చెవిలో పడింది. పాట దాని మీద నిలుస్తుందని చెవి ఎదురుచూస్తుంటే, దానికి అర స్వరం కిందే వచ్చి కూర్చుంటుంది. ట్రిల్ పంచమాన్ని ముట్టుకుంటుంది గానీ అక్కడ నిలవదు. ఆ అస్థిమితమే ఈ పాట ప్రాణం. మధ్యయుగాల్లో చర్చి ఈ అంతరాన్ని నిషేధించిందని ఈ పాట పేరెత్తిన ప్రతిచోటా రాస్తుంటారు, దానికి ఆధారం లేదు. ఇది పుట్టిన తీరు వేరు. సంగీతకర్త గుస్తావ్ హోల్స్ట్ ‘ప్లానెట్స్’లోని ‘మార్స్’ ఖండికను బ్యాండ్ బేసిస్టు గీజర్ బట్లర్ బేస్ మీద వాయిస్తుంటే విని, ఆ దారిలో ఐయోమీ ఈ రిఫ్ అల్లాడు. వీలైతే ‘మార్స్’ ఒకసారి వినండి, చుట్టరికం వెంటనే తెలుస్తుంది.

రెండోది, గెయిన్, అంటే డిస్టార్షన్ ఎంతన్నది తేల్చే నాబ్. ఈ రికార్డులో మీరు అనుకుంటున్నంత డిస్టార్షన్ లేదు. ఇప్పటి హై గెయిన్ ఛానల్‌లో సగం కూడా ఉండదు. ఆ జి పవర్ కార్డ్ మోగేటప్పుడు లోపల మూడు తీగలూ విడివిడిగా వినపడతాయి, గమనించండి. గెయిన్ ఎక్కువైతే ఆ మూడూ ముద్దైపోతాయి.

కింది_శ్రుతి:

ట్యూనింగ్ దించడం గురించి నాది కొంచెం వేరే మాట. ఐయోమీకి వేళ్ళు తెగాయి కాబట్టి తీగలు వదులుగా ఉండాలని మొదటినుంచీ దించేవాడని చాలాచోట్ల ఉంది. బరువు కూడా దాంతోనే వస్తుంది. రాగతీగ గారు సి షార్ప్ ఉంచుకుని లావు తీగలు వేసుకుంటే సరిపోతుంది కదా?

బెజవాడ_బ్లూస్:

కింది_శ్రుతి గారూ, ప్రమాదం నిజం, క్రమమే తారుమారైంది. ఐయోమీది ఎడమచేతి వాటం, అందుకే ఫ్రెట్లు నొక్కేది కుడిచెయ్యి. 17 ఏళ్ళప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో ఆ చేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు పోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేలికి తొడుగులు చేసుకుని, పైన తోలు అతికించుకున్నాడు. తీగ నొప్పి పుట్టించకుండా ఉండటానికి మొదట చేసింది సన్న తీగలు వాడటం. అప్పట్లో గిటారుకు అంత సన్నవి సెట్లుగా దొరక్క బాంజో తీగలు వేశాడు. ట్యూనింగ్ దించడం ఆ తర్వాతి మెట్టు, 1971 నాటికి వచ్చింది. 1969 అక్టోబరులో ఈ ఆల్బమ్ రికార్డు చేసేటప్పుడు ఆ మెట్టు ఇంకా ఎక్కలేదు.

బరువు కిందిశ్రుతిలోనే ఉందనేది కూడా ఈ రికార్డుతోనే తప్పని తేలుతుంది. మామూలు ట్యూనింగ్‌లో, సన్న తీగలతో ఇంత బరువొచ్చిందంటే కారణం వేరేచోట వెతకాలి.

కానీ మూడో ఆల్బమ్ పాటలు వాయించాలనుకునేవాళ్ళకి తీగల లెక్క పనికొస్తుంది కాబట్టి రాస్తున్నా. మూడు అర స్వరాలు దిగితే తీగ బిగువు సుమారు 29 శాతం పడిపోతుంది. ఎందుకంటే బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది, కింది ‘ఈ’ (E) 82.4 హెర్ట్జ్ నుంచి సి షార్ప్ 69.3 హెర్ట్జ్‌కి దిగుతుంది. అదే బిగువు వేళ్ళకి తగలాలంటే తీగ మందం 1.19 రెట్లు పెంచాలి. 9–42 వాడే చేతికి 11–50, 10–46 వాడే చేతికి 12–54 అవుతుంది. అలా మార్చినప్పుడు నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడి సన్నదైతే లావు తీగ ఇరుక్కుని, ట్యూన్ చేసేటప్పుడు టిక్ టిక్‌మని ఎగురుతుంది. గాడిని కొద్దిగా వెడల్పు చేయించాలి, బ్రిడ్జి మీద ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో కూడా శ్రుతి సరిగా ఉండటం) మళ్ళీ సరిచూసుకోవాలి. సన్న తీగల మీదే దించితే మాత్రం పిక్ గట్టిగా తగిలిన క్షణంలో స్వరం పైకి లేచి తర్వాత కిందికి దిగుతుంది. రాగతీగ గారికి కింది తీగ కొట్టుకుంటోందని అనిపించింది అందుకే.

ఈ ఆల్బమ్‌కి 10–46 కూడా అక్కర్లేదు. 9–42 వేసి మామూలు ట్యూనింగ్‌లో ఉంచండి, లేదా 8 తో మొదలయ్యే సెట్. ఎస్‌జీలో తీగ మోగే పొడవు 24.75 అంగుళాలే కాబట్టి తీగలు ఇంకాస్త మెత్తగా ఉంటాయి. సి షార్ప్ మీద ట్రిల్ వేగంగా రావాలన్నా, సోలోల్లో వైబ్రాటో వెడల్పుగా రావాలన్నా ఆ మెత్తదనం కావాలి.

సోల్డర్_సుబ్బు:

బెజవాడ_బ్లూస్ అన్న “వేరేచోట వెతకాలి” అని వదిలేసిన కారణంలో సగం నేను చెబుతాను. ఆ సగం పేరు ట్రెబుల్ బూస్టర్.

ఐయోమీ వాడింది 100 వాట్ల లేనీ వాల్వ్ ఆంప్. దాని ముందు డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్, అది కూడా మార్పులు చేయించినది. లేనీ ఆంప్ స్వభావం గుబురుగా ఉంటుంది, కింది స్వరాలు ఎక్కువ. దాన్ని అలాగే గట్టిగా నెడితే ముందు కింది స్వరాలే చిట్లి (అంటే డిస్టార్ట్ అయి) బురదవుతాయి. బూస్టర్ ముందున్నప్పుడు ఆంప్‌లోకి వెళ్ళే సిగ్నల్లో కింది భాగం పెద్దగా పెరగదు, మధ్య పై భాగాలు బాగా పెరుగుతాయి. వాల్వులు వాటితో చిట్లుతాయి. చిట్లాక ఆంప్, స్పీకర్ కలిసి తమ గుబురుదనాన్ని మళ్ళీ కలుపుతాయి. అందుకే లావుగానూ ఉంటుంది, తీగ తీగా వినపడుతుంది కూడా. “ట్రెబుల్ పెంచితే బరువెలా వస్తుంది” అని అడిగేవాళ్ళకి జవాబు ఇదే.

కట్టుకోవడం చాలా తేలిక, ఒకే ఒక్క ట్రాన్సిస్టర్. ఆధార విలువలు: ఇన్‌పుట్ కెపాసిటర్ 4.7 నానోఫారడ్, ఔట్‌పుట్ కెపాసిటర్ 10 నానోఫారడ్, బేస్‌కి 470 కిలో ఓమ్, 68 కిలో ఓమ్ రెసిస్టర్లు, ఎమిటర్‌కి 3.9 కిలో ఓమ్, దాని మీద సమాంతరంగా 47 మైక్రోఫారడ్ ఎలక్ట్రొలిటిక్, కలెక్టర్ దగ్గర 10 కిలో ఓమ్ పాట్. అదే బూస్ట్ నాబ్. 9 వోల్టుల బ్యాటరీ. ట్రెబుల్ ఎక్కడినుంచి పెరగాలో తేల్చేది ఆ 4.7 నానోఫారడ్ కెపాసిటరే. దాన్ని 10 చేస్తే మధ్య స్వరాలు ఎక్కువ వస్తాయి, హంబకర్లకి అంతకు మించి పెంచకండి.

అసలు పెట్టెలో ఉండే ఓసీ44 జర్మేనియం ట్రాన్సిస్టర్ ఇప్పుడు ఖరీదు, నకిలీలు కూడా ఎక్కువ. పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో ఉండే ఏసీ128 చక్కగా పనిచేస్తుంది. కాకపోతే ఏరుకోవాలి. గెయిన్ 70 నుంచి 100 మధ్య ఉండాలి, లీకేజీ తక్కువుండాలి. మామూలు మల్టీమీటర్లో ఉండే ట్రాన్సిస్టర్ టెస్టర్ లీకేజీని కూడా గెయిన్‌లో కలిపి చూపిస్తుంది, నమ్మకండి. ఇలా చెయ్యండి: ఎమిటర్‌ని బ్యాటరీ ప్లస్‌కి, కలెక్టర్‌ని 2.47 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా మైనస్‌కి కలపండి. బేస్ వదిలేసి ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ చూడండి. అది లీకేజీ. తర్వాత బేస్‌ని 2.2 మెగా ఓమ్ ద్వారా మైనస్‌కి తగిలించి మళ్ళీ చూడండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేసి 100 తో గుణిస్తే అసలు గెయిన్. ఉదాహరణకి మొదట 0.3, తర్వాత 1.1 వస్తే గెయిన్ 80, లీకేజీ సుమారు 120 మైక్రో ఆంపియర్లు. వాడొచ్చు. మొదటి అంకే 0.5 దాటితే పక్కన పెట్టండి. వేళ్ళతో పట్టుకుంటే ఆ వేడికే అంకె పెరుగుతుంది, పెట్టి ఒక నిమిషం ఆగి చూడాలి.

బోర్డు మీద ట్రాన్సిస్టర్‌కి సాకెట్ పెట్టండి, నేరుగా సోల్డర్ చెయ్యకండి. జర్మేనియం వేడికి పాడవుతుంది. 68 కిలో ఓమ్ స్థానంలో 100 కిలో ఓమ్ ట్రిమ్మర్ పెట్టి, కలెక్టర్ దగ్గర గ్రౌండ్‌తో పోలిస్తే మైనస్ 7 వోల్టులు వచ్చేదాకా తిప్పండి. ఈ 7 వోల్టుల స్థానమే చెవికి ఇంపైన చోటు. సిగ్నల్ ఒకవైపు ముందు చిట్లుతుంది, రెండోవైపు ఆలస్యంగా చిట్లుతుంది.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జర్మేనియం లీకేజీ ప్రతి 10 డిగ్రీలకి దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల గదిలో మైనస్ 7 దగ్గర పెట్టినది, మే నెలలో 42 డిగ్రీల మిద్దె గదిలో మైనస్ 5 కి, ఇంకా కిందికి జారుతుంది. అప్పుడు పెడల్ పాడైందనిపిస్తుంది, సౌండ్ ముక్కుతూ మూలుగుతూ వస్తుంది. పాడవలేదు, బయాస్ (కలెక్టర్ దగ్గర పెట్టిన ఆ వోల్టేజీ) జారింది. ట్రిమ్మర్‌ని బయటినుంచి స్క్రూడ్రైవర్ అందేచోట పెట్టుకుంటే కాలాన్ని బట్టి సరిచేసుకోవచ్చు.

ఇంత ఏరడం కుదరకపోతే సిలికాన్ ఎన్‌పీఎన్ బీసీ549 తో, బ్యాటరీ, ఎలక్ట్రొలిటిక్ దిశలు తిప్పి కట్టండి. గెయిన్ వందల్లో ఉంటుంది కాబట్టి సర్‌మనే శబ్దం, ఒక్కోసారి రేడియో కూడా దూరుతుంది. కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య 47 నుంచి 100 పికోఫారడ్ కెపాసిటర్ పెడితే తగ్గుతుంది. ట్రిమ్మర్ 90 కిలో ఓమ్ దగ్గర కుదురుతుంది. కొంచెం కరుకుగా ఉంటుంది గానీ ఎండకి కదలదు.

కింది_శ్రుతి:

మూడో ఆల్బమ్ సంగతి ఒప్పుకుంటున్నా, మళ్ళీ రికార్డుతో పక్కపక్కన పెట్టి చూశాను, మామూలు ట్యూనింగే. సుబ్బు గారూ, ఈ జర్మేనియం పెడల్‌ని మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ గొలుసులో పెట్టొచ్చా?

సోల్డర్_సుబ్బు:

వద్దు. ఏసీ128, ఓసీ44 రెండూ పీఎన్‌పీ, పైన చెప్పిన విధంగా కడితే పాజిటివ్ గ్రౌండ్. మిగతా పెడల్స్ నెగటివ్ గ్రౌండ్. ఒకే గొలుసులో పెడితే గిటార్ కేబుల్ తొడుగు ద్వారా అడాప్టర్ ప్లస్, మైనస్ రెండూ కలిసిపోతాయి, షార్ట్. దీనికి విడిగా బ్యాటరీ పెట్టండి. తాగే కరెంటు మిల్లీ ఆంపియర్‌లో పావు వంతు కూడా ఉండదు, నెలల తరబడి వస్తుంది. వాడనప్పుడు ఇన్‌పుట్ జాక్ తీసెయ్యండి. సిలికాన్ బీసీ549 రకానికి ఈ బాధ లేదు.

ఇంకొకటి, గిటార్ తర్వాత నేరుగా ఇదే ఉండాలి. ముందు బఫర్ (పికప్‌ని తర్వాతి పెడల్ నుంచి విడదీసే సర్క్యూట్) ఉన్న పెడల్ గానీ వైర్‌లెస్ గానీ పెట్టకండి. బూస్టర్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ, పికప్‌ని కొంచెం లాగుతుంది. ఆ లాగుడు వల్లే పై స్వరాలు గుండ్రబడతాయి. బఫర్ మధ్యలోకొస్తే చెవిలో సూది దిగినట్టు ఉంటుంది. గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6 కి తగ్గిస్తే శుభ్రంగా వచ్చే గుణం కూడా పోతుంది. ఈ పాటలో గాయకుడు ఓజీ పాడేటప్పుడు వెనక మెల్లగా నడిచే భాగానికి, గట్టిగా విరుచుకుపడే భాగానికి తేడాని పెడల్ తొక్కకుండా ఆ నాబ్‌తోనే తేవచ్చు.

నాలుగు_తీగలు:

మిగతా సగం కారణం బేస్. దాన్ని వదిలేసి గిటార్ సౌండ్ వెతికితే దొరకదు.

రికార్డులో మీరు గిటార్ బరువు అనుకుంటున్నదాంట్లో చాలాభాగం గీజర్ బట్లర్ ప్రెసిషన్ బేస్. అతను బేస్‌కి రాకముందు రిథమ్ గిటారిస్టు. అందుకే ఒక మూల డ్రమ్‌తో సర్దుకుని కూర్చోడు. రిఫ్‌ని గిటార్‌తో పాటే ఒక స్థాయి కింద వాయిస్తాడు, తీగల్ని గిటారిస్టులా వంచుతాడు. బ్యాండులో గిటార్ ఒక్కటే కాబట్టి ఐయోమీ సోలోకి వెళ్ళినప్పుడు కింద ఖాళీ పడకుండా స్వరాలు నింపుతాడు. ‘ఎన్.ఐ.బి.’ ముందు వచ్చే ఒంటరి బేస్ ముక్క వా పెడల్‌తో వాయించినది, అతని చెయ్యి ఎలాంటిదో అక్కడ తెలుస్తుంది.

అందుకని ఇంట్లో రికార్డు చేసేటప్పుడు గిటార్లో 100 హెర్ట్జ్ కింద కోసెయ్యండి. ఆ జాగా బేస్‌ది. బేస్‌కి కూడా కొంచెం డిస్టార్షన్ ఇవ్వండి, తీగ గీరుకున్న శబ్దం వినపడేంత చాలు. రెండూ కలిపి విన్నప్పుడే గిటార్ టోన్ సరిచెయ్యండి. ఒంటరిగా వింటే పలచగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది, కంగారుపడి బేస్ నాబ్ పెంచొద్దు.

క్లిక్ ట్రాక్ (తాళం కోసం టిక్ టిక్‌మనే శబ్దం) కూడా వాడకండి. ఈ ఆల్బమ్ లండన్‌లో రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్క రోజులో, బ్యాండంతా కలిసి వాయిస్తూ, ఓజీ విడిగా గదిలో నిలబడి పాడుతూ పూర్తిచేసినది. నిర్మాత రోజర్ బెయిన్, ఇంజినీరు టామ్ ఆలమ్. వర్షం, ఉరుము, గంట చప్పుళ్ళు ఆ తర్వాత కలిపారు. బ్యాండ్ డ్రమ్మర్ బిల్ వార్డ్ చెవి జాజ్ డ్రమ్మర్ల మీద పెరిగింది, జీన్ క్రూపా అంటే ప్రాణం. ఈ పాటలో అతను తాళం కొట్టి చూపించడు, రిఫ్ మధ్య ఖాళీల్లో టామ్ డ్రమ్ముల మీద దొర్లిస్తాడు. వేగం ఊపిరిలా పెరిగి తగ్గుతుంది. క్లిక్‌కి కట్టేస్తే సి షార్ప్ మీద ఆగే ఆ బరువైన ఖాళీ లెక్కప్రకారం వచ్చిపోతుంది, భయం పోతుంది. చివర్లో దౌడు తీసే భాగానికి కూడా నెమ్మదిగా వేగం పెంచకండి, ఒక్కసారిగా దూకాలి.

పాత_ప్లేటు:

పోల్చుకోడానికి ఏ పాట, ఏ ముద్రణ వింటున్నారన్నది కూడా చూసుకోండి. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు బ్రిటన్‌లో వర్టిగో అనే రికార్డు కంపెనీ విడుదల చేసిన ప్లేటులో ‘ఈవిల్ ఉమన్’ ఉంటుంది. అది అమెరికాలోని క్రో అనే బ్యాండ్ పాట, వీళ్ళు మళ్ళీ వాయించారు. అమెరికాలో వార్నర్ బ్రదర్స్ వేసిన ప్లేటులో దాని బదులు ‘వికెడ్ వరల్డ్’ ఉంటుంది. ఇప్పటి సీడీల్లో, స్ట్రీమింగ్‌లో రెండూ ఉండొచ్చు.

ఈ తేడా టోన్ వెతికేవాళ్ళకి ముఖ్యం. ఐయోమీ స్టూడియోకి తెచ్చుకున్న అసలు గిటార్ స్ట్రాటోకాస్టర్. దాంతో ‘వికెడ్ వరల్డ్’ రికార్డు చేశాక పికప్ పోయింది. పక్కన అదనంగా పెట్టుకున్న ఎస్‌జీ తీసి మిగతా ఆల్బమ్ పూర్తిచేశాడు. దానికున్నవి పీ90 పికప్‌లు (ఒంటి చుట్టవి), హంబకర్లు కావు. కాబట్టి ఎస్‌జీ సౌండ్ కావాలంటే ‘వికెడ్ వరల్డ్’తో పోల్చొద్దు. ‘బ్లాక్ సబ్బాత్’, ‘ఎన్.ఐ.బి.’, ‘బిహైండ్ ది వాల్ ఆఫ్ స్లీప్’ పెట్టుకోండి. ‘ది విజర్డ్’లో హార్మోనికా గిటార్‌తో కలిసి నడుస్తుంది, పోల్చడానికి గందరగోళం.

వాల్యూమ్ బాగా పెంచి నొక్కేసిన రీమాస్టర్లలో మెల్లటి భాగం, గట్టి భాగం ఇంచుమించు ఒకే ఎత్తులో వినపడతాయి. వాటిని నమ్మి కంప్రెసర్ పెట్టేస్తారు కొందరు. పాత మాస్టరింగ్ దొరికితే దానితో పోల్చండి. టేపు వేగం వల్ల పాత రికార్డులు కొద్ది సెంట్లు (అర స్వరంలో నూరో వంతులు) అటూఇటూ ఉండటం మామూలే. గిటార్ కదపకుండా సాఫ్ట్‌వేర్‌లో పాట శ్రుతి సరిచేసుకుంటే నయం.

బెజవాడ_బ్లూస్:

పాత_ప్లేటు గారు పీ90 మాట ఎత్తారు కాబట్టి, రాగతీగ గారి హంబకర్లతో ఏం చెయ్యాలో చెబుతాను. బ్రిడ్జి పికప్‌ని తీగలకి ఒకటి రెండు మిల్లీమీటర్లు దూరం దించండి, పోల్ మరలు మాత్రం అర చుట్టు పైకి తీయండి. గిటార్ వాల్యూమ్ 7 లేదా 8. హంబకర్ గుబురుదనం అంతటితో కొంత తెగుతుంది. ఎప్పుడైనా పీ90 కి మారితే, అది ఒంటి చుట్ట పికప్ కాబట్టి 50 హెర్ట్జ్ హమ్ పట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ డ్రైవర్ ఆపేసి చూడండి, మూడో పిన్ను ఎర్త్ నిజంగా పనిచేస్తోందో లేదో చూపించుకోండి.

ఇప్పుడు మీ తేనెతుట్టె, కత్తిరింపు. ఈ రెండూ మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌లోనే ఉన్నట్టున్నాయి. పెడల్‌లో ఆంప్ మోడల్ ఆన్ చేసి, దాన్ని ఆంప్ ముందు ఇన్‌పుట్‌లో పెడితే ఒక ప్రీఆంప్ మీద ఇంకో ప్రీఆంప్ పడుతుంది. జుయ్‌మనక తప్పదు. మీ ఆంప్‌కి ఎఫెక్ట్స్ రిటర్న్ గానీ ఆక్స్ ఇన్‌పుట్ గానీ ఉంటే అందులో పెట్టండి. రిటర్న్‌లో పెడితే ఆంప్ సొంత స్పీకరే మోగుతుంది కాబట్టి పెడల్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ ఆపండి. హెడ్‌ఫోన్లలోగానీ కంప్యూటర్లోకిగానీ వెళ్తే అది ఆన్‌లో ఉండి తీరాలి, నాలుగు 12 అంగుళాల స్పీకర్ల రకం పెట్టుకోండి. క్యాబ్ లేకుండా హెడ్‌ఫోన్లో వినే డిస్టార్షన్ ఎవరిదైనా తేనెటీగల్లాగే ఉంటుంది.

ఆంప్ మోడల్ 100 వాట్ల పాత బ్రిటిష్ రకం, మాస్టర్ వాల్యూమ్ లేనిది. గెయిన్ 4 లేదా 5, బేస్ 3, మిడిల్ 7, ట్రెబుల్ 5. దాని ముందు ట్రెబుల్ బూస్టర్ మోడల్ లేదా సుబ్బు గారి పెట్టె. మిడిల్ తగ్గించి బేస్, ట్రెబుల్ పెంచే అలవాటు ఉంటే మానెయ్యండి, బేస్ గిటార్ పక్కన చేరగానే మీది మాయమైపోతుంది.

కత్తిరింపుకి కారణం నాయిస్ గేట్, అంటే శబ్దం ఒక స్థాయికి తగ్గగానే మూసేసే ఎఫెక్ట్. చాలా పెడల్స్‌లో డిస్టార్షన్ ప్యాచ్‌తో పాటు అదే ఆన్ అయి వస్తుంది. ఈ పాటలో స్వరం చచ్చిపోయేదాకా వినపడాలి. గేట్ పూర్తిగా ఆపండి, వచ్చే చప్పుడుని గెయిన్ తగ్గించి సరిచేసుకోండి.

రాగతీగ:

అందరికీ ధన్యవాదాలు. ట్యూనింగ్ ‘ఈ’ (E) కి తెచ్చి, గేట్ ఆపి, గెయిన్ 4 పెట్టి చూశాను. శ్రుతి కలిసింది, స్వరం సాగుతోంది, జుయ్‌మనడం పోయింది. ఇంకొక్కటి మిగిలింది. గెయిన్ తగ్గించాక సి షార్ప్ మీద ట్రిల్ మూగబోతోంది, రెండు మూడు సార్లు తగిలాక వినపడట్లేదు.

బెజవాడ_బ్లూస్:

గెయిన్ తగ్గితే చేతిలో పని పెరుగుతుంది, అది మామూలే. సి షార్ప్‌ని పిక్‌తో ఒక్కసారి గట్టిగా కొట్టి, ఒక క్షణం నిలవనిచ్చి అప్పుడు ట్రిల్ మొదలుపెట్టండి. కొట్టగానే మొదలుపెడితే శక్తి చెదిరిపోతుంది. నాలుగో ఫ్రెట్ మీది చూపుడువేలు కదలకూడదు, ఐదో ఫ్రెట్ మీద పడే వేలు ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా, పైనుంచి సుత్తిలా పడాలి. ఎత్తేటప్పుడు తీగని కొంచెం కిందికి గిల్లి వదలండి, ఊరికే ఎత్తితే డి నుంచి సి షార్ప్‌కి వచ్చినప్పుడు శబ్దం సగమవుతుంది. మిగతా వేళ్ళతో నాలుగో తీగని తాకి ఆపి ఉంచండి, పై జి ఇంకా మోగుతుంటే ట్రిల్ దాని వెనక దాగిపోతుంది. ఇవన్నీ చేసినా మూగబోతే ఐదో తీగ ఎత్తు చూడండి. 12వ ఫ్రెట్ దగ్గర 2 మిల్లీమీటర్లు దాటి ఉంటే వేలు పడ్డప్పుడే సగం బలం పోతుంది, 1.6 కి దించండి.